పదిమంది రోగులు, ఇరవై అంకెలు, రెండు జవాబులు

"డేటా అంతా చేతికొచ్చింది. ఇప్పుడు ఏ టెస్ట్ పెట్టాలి?" అని పరిశోధన చేస్తున్న ఒక పాఠకురాలు అడిగారు. టెస్ట్ అంటే ఇక్కడ, గుంపుల మధ్య కనబడే తేడా నిజమా, కాకతాళీయమా అని చూసే గణాంక పరీక్ష. స్నేహితురాలు ఒక టెస్ట్ చెప్పిందట, గైడ్ మరొకటి చెప్పారట. రెండూ చేసి చూస్తే ఒకటి తేడా ఉందంటోంది, ఇంకోటి లేదంటోంది. ఆవిడ టెన్షన్ అదీ.

ఇలాంటి ప్రశ్నకు పాఠ్యపుస్తకాల్లో ఒక చార్టు ఉంటుంది. డేటా ర్యాంకులా, కొలతలా? గుంపులు రెండా, మూడా? బాణం గుర్తుల వెంట పోతే అడుగున ఒక టెస్ట్ పేరు తగులుతుంది. ఆ చార్టు ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి వదిలేస్తాను. అందులో ఓ మూల, చిన్న అక్షరాల్లో ఉండే ప్రశ్న మీదే నా ధ్యాసంతా: ఈ అంకెలు జతలుగా వచ్చాయా, విడివిడిగా వచ్చాయా?

1905లో కుష్నీ, పీబుల్స్ అనే ఇద్దరు పరిశోధకులు నిద్రమందుల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. అందులోంచి పదిమంది రోగుల అంకెలు తీసుకుని 1908లో విలియం గాసెట్ తన వ్యాసంలో లెక్క కట్టి చూపించాడు. ఈయన డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కంపెనీ ఉద్యోగి, 'స్టూడెంట్' అనే మారుపేరుతో రాసేవాడు. ఇవాళ మనం వాడే టి-టెస్ట్‌కు పునాది ఆ వ్యాసమే.

మందు వేసుకుంటే నిద్ర ఎన్ని గంటలు పెరిగిందన్నది లెక్క. మొదటి మందుకు: 0.7, −1.6, −0.2, −1.2, −0.1, 3.4, 3.7, 0.8, 0, 2.0. అదే రోగులకు, అదే వరసలో, రెండో మందుకు: 1.9, 0.8, 1.1, 0.1, −0.1, 4.4, 5.5, 1.6, 4.6, 3.4. సగటు చూస్తే మొదటిది 0.75, రెండోది 2.33. రెండో మందుతో 1.58 గంటల నిద్ర ఎక్కువ.

ఈ 1.58 నిజంగా మందు గొప్పతనమా, కాకతాళీయమా? టి-టెస్ట్ చేసే పని ఒక్కటే. ఆ తేడాను దాని ప్రామాణిక దోషంతో, అంటే అలాంటి సగటు యాదృచ్ఛికంగా ఎంత అటూ ఇటూ ఊగుతుందన్న అంచనాతో, భాగిస్తుంది.

ముందు ఇరవై అంకెలూ ఇరవై మంది వేర్వేరు మనుషులవి అనుకుందాం. మొదటి గుంపు ప్రామాణిక విచలనం, అంటే అంకెలు సగటుకు అటూ ఇటూ ఎంత చెదిరాయన్న కొలత, 1.79, రెండోదానిది 2.00. వాటి నుంచి వచ్చే ప్రామాణిక దోషం 0.85. 1.58ని 0.85తో భాగిస్తే 1.86, ఇదే టి విలువ. పి విలువ, అంటే మందుల మధ్య నిజంగా తేడా లేకపోయినా కనీసం ఇంత తేడా కాకతాళీయంగా కనబడే అవకాశం, 0.08 దగ్గర తేలుతుంది. మామూలుగా పెట్టుకునే 0.05 గీత దాటలేదు కాబట్టి "తేడా ఉందని చెప్పలేం" అని రాసేసి ఊరుకుంటాం.

ఇప్పుడు ఒక్కో రోగికి రెండో అంకెలోంచి మొదటిది తీసేద్దాం: 1.2, 2.4, 1.3, 1.3, 0, 1.0, 1.8, 0.8, 4.6, 1.4. సగటు మళ్లీ అదే 1.58. కానీ ఈ పది తేడాల ప్రామాణిక విచలనం 1.23 మాత్రమే, ప్రామాణిక దోషం 0.39. భాగిస్తే 4.06. పి విలువ 0.003. అంకె ఒక్కటి కూడా మారలేదు, తీర్పు మాత్రం తారుమారైంది!

గారడీ ఏమీ లేదు. ఆరో రోగిని చూడండి: ఏ మందిచ్చినా బాగా నిద్రపోయాడు, 3.4, 4.4. నాలుగో రోగికి రెండూ అంతంతమాత్రమే, −1.2, 0.1. మనిషికీ మనిషికీ ఉన్న ఈ వ్యత్యాసం మందుల గురించి ఏమీ చెప్పదు. విడివిడి టెస్ట్ దాన్ని కూడా హారంలో పడేస్తుంది. తీసివేత దాన్ని కొట్టేస్తుంది. సూత్రంగా చెప్పాలంటే, తేడాల విస్తృతి (ప్రామాణిక విచలనం వర్గం) రెండు విస్తృతుల మొత్తం కాదు, అందులోంచి సహవిస్తృతికి (రెండు వరసలూ కలిసి ఎంత ఊగుతాయన్న కొలతకు) రెట్టింపు తీసేయగా మిగిలింది. ఈ రెండు వరసల మధ్య సహసంబంధం, అంటే ఒకటి పెరిగితే రెండోదీ పెరిగే తీరు, గరిష్ఠంగా 1 ఉండగలిగే చోట దాదాపు 0.8, అందుకే అంత లాభం. అది సున్నా అయివుంటే జత కట్టడం వల్ల కొంచెం నష్టమే: స్వాతంత్ర్య అంశాలు (లెక్కలో స్వేచ్ఛగా మారగలిగే అంకెల సంఖ్య) 18 నుంచి 9కి పడిపోతాయి, దాటాల్సిన టి విలువ 2.10 నుంచి 2.26కి పెరుగుతుంది.

అలాగని ఏది తక్కువ పి ఇస్తే దాన్ని ఎంచుకోకూడదు. ఒకే మనిషికి రెండు మందులూ ఇచ్చారు కాబట్టి ఇక్కడ జత టెస్టే సరైనది. ఫలితం 0.3 వచ్చినా సరైనది అదే.

ఆ తేడాల్లో 4.6 ఒక్కటే దూరంగా నిలబడింది. కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడు చుక్క జారిపోయి 46 అయిందనుకోండి. సగటు తేడా 1.58 నుంచి 5.72కి ఎగబాకుతుంది. మందు ఇంకా గొప్పగా కనబడాలి కదా? టి విలువ 1.28కి కూలిపోతుంది! ఆ ఒక్క అంకె సగటును పెంచిన దానికన్నా ప్రామాణిక దోషాన్ని ఎక్కువ పెంచేసింది. ఇలాంటి చోట సైన్ టెస్ట్ నిబ్బరంగా ఉంటుంది. దానికి పరిమాణంతో పనిలేదు, ప్లస్సా మైనస్సా అన్నదే కావాలి. ఒక సున్నాను పక్కనపెడితే తొమ్మిదికి తొమ్మిదీ ప్లస్. నాణేన్ని తొమ్మిదిసార్లు ఎగరేస్తే అన్నీ ఒకేవైపు పడే అవకాశం 512లో 2, అంటే 0.004. 46 పడినా అదే జవాబు. తేడాల ర్యాంకులను కూడా లెక్కలోకి తెచ్చే మధ్యేమార్గాన్ని 1945లో ఫ్రాంక్ విల్కాక్సన్ అనే రసాయన శాస్త్రవేత్త ఇచ్చాడు.

"శాంపిల్ ముప్ఫై దాటితే టి-టెస్ట్ పెట్టొచ్చు" అనే మాట మాత్రం శుద్ధ మూఢనమ్మకం. గాసెట్ దగ్గర ఉన్నది పదే. ఆయన కష్టపడిందే చిన్న శాంపిళ్ల కోసం. డేటా గుడిగంట ఆకారంలో, అంటే మధ్యలో ఎక్కువగా, అంచుల్లో తక్కువగా ఉందా అని ముడి అంకెల మీద టెస్టులు పెట్టించడం ఇంకో తంతు. జత టెస్ట్‌కు ఆ షరతు వర్తించేది తేడాలకు, విడి వరసలకు కాదు. పైగా శాంపిల్ చిన్నదైతే అలాంటి టెస్ట్ దేన్నీ పట్టుకోలేదు, మరీ పెద్దదైతే పనికిమాలిన వంకరను కూడా తప్పుపడుతుంది. తేడాలను ఒక గీతమీద చుక్కలుగా పెట్టి కళ్లతో చూడమని ముందుగా నేర్పితే మేలు.

జవాబులు అవును, కాదు రూపంలో ఉన్నా ఇదే ప్రశ్న వేసుకోవాలి. శిక్షణకు ముందూ తర్వాతా అదే వందమందిని అడిగి, మామూలు కై-స్క్వేర్ (విడివిడి గుంపుల్లో లెక్కలను పోల్చే టెస్ట్) పెడితే ఒక్కో మనిషినీ ఇద్దరుగా లెక్కేసినట్టే. దానికి 1947లో మెక్‌నెమార్ ఇచ్చిన టెస్ట్ ఉంది. మాట మార్చనివాళ్లను అది పక్కన పెట్టేస్తుంది. కాదు నుంచి అవునుకు వచ్చినవాళ్లెందరు, అవును నుంచి కాదుకు పోయినవాళ్లెందరు, ఆ రెండు సంఖ్యలనే పోల్చి చూస్తుంది.