కుర్స్క్ స్టెప్పీ: కోత ఆపితే గడ్డి ఏమైంది?

రష్యాలో ‘జపొవెద్నిక్’ అంటే మనిషి చెయ్యి పడకూడని నేల. చెట్టు కొట్టకూడదు, పశువును తోలకూడదు. కానీ కుర్స్క్ నగరానికి దక్షిణాన ఉన్న సెంట్రల్ చెర్నోజెమ్ (నల్లనేల) రిజర్వులో ఏటా వేసవిలో గడ్డి కోస్తారు, కోయించేదీ రిజర్వే. ఇదేం విడ్డూరమో తెలియాలంటే 17వ శతాబ్దానికి వెళ్లాలి.

అప్పట్లో కుర్స్క్ సరిహద్దు కోట. అక్కడ కాపలా కాసే స్ట్రెల్త్సీ అనే తుపాకీ సిపాయిలకు, కొసాక్కులనే గుర్రపు సైనికులకు గుర్రాల మేత కోసం ఈ స్టెప్పీలు, అంటే చెట్లు లేని గడ్డిమైదానాలు, ఇచ్చారు. ఉమ్మడి భూమి కాబట్టి ఎవరూ దున్నుకోలేదు. చుట్టూ ఉన్న నల్లనేలంతా చేలయిపోయినా ఇవి మిగిలాయి. ఇక్కడి స్టెప్పీలకు స్ట్రెలెత్స్కయా, కజాత్స్కయా అనే పేర్లు వాళ్ల మీదుగా వచ్చినవే. ఇప్పుడు ‘కన్నె స్టెప్పీ’ అంటున్నది నాగలి ఎరగని నేలే గానీ, కొడవలి, గిట్ట బాగా ఎరిగిన నేల.

కుర్స్క్‌లోనే పుట్టిన వృక్షశాస్త్రవేత్త వసీలీ అలెఖిన్ 1907లో స్ట్రెలెత్స్కయా మీద పని మొదలుపెట్టాడు. ఇక్కడ ఒక్క చదరపు మీటరులో 87 మొక్క జాతుల దాకా లెక్క తేలింది. వసంతంలో ఊదారంగు పల్సటిల్లా, వెనకే పసుపు అడోనిస్, జూన్‌లో నీలి సాల్వియా, ఇలా మైదానం రంగులు మారుతుంది. 1935 ఫిబ్రవరి 10న రిజర్వు ఏర్పడింది. అసలు పేచీ అక్కడే మొదలైంది: కాపాడటం అంటే వదిలేయడమా, పాత కోతను కొనసాగించడమా?

వాదనతో తేల్చకుండా నేలను పంచారు. ఒక ముక్కను ముట్టుకోకుండా వదిలేశారు. ఒకదాన్ని ఏటా కోశారు, మరొకదాన్ని కొన్నేళ్లు కోసి ఒక ఏడాది విడిచారు, ఇంకోదాంట్లో పశువులను మేపారు.

వదిలేసిన ముక్కలో ఏప్రిల్‌లో గడ్డి పాయ తీసి చూస్తే సంగతి తెలుస్తుంది. ఏళ్ల తరబడి రాలిన ఎండుగడ్డి దుప్పటిలా పేరుకుని ఉంటుంది. దాని కింద నేల తడిగా, చల్లగా ఉండి ఆలస్యంగా వేడెక్కుతుంది. వెలుతురు చేరక చిన్న గింజ మొలవదు. ఈకల్లాంటి తోకలుండే స్టైపా వంటి దుబ్బుగడ్డి సన్నగిల్లి, ఎత్తుగా పెరిగే ఓట్‌గడ్డి, పాకే దుంపవేర్ల గడ్డి పైచేయి సాధిస్తాయి. చదరపు మీటరుకు జాతులు తగ్గిపోతాయి. ఓక్ తోపుల అంచు నుంచి ముళ్లపొదలు ముందుకు జరుగుతాయి, వాటి నీడన అడవి బేరి, ఆపిల్ లేస్తాయి.

ఎందుకిలా? ఒకప్పుడు ఈ గడ్డిని తినే అడవి గుర్రాలు, సైగా జింకలు, నేలను తవ్వే మార్మోట్లు (ఉడుత జాతి జంతువులు) ఉండేవి. అవి పోయాక ఆ పని కొడవలి చేసింది. అయితే కోత మేతకు పూర్తి బదులు కాదు. పశువు ఏరుకుని తింటుంది, పేడ అక్కడే వేస్తుంది. కోత అన్నిటినీ ఒకేరోజు ఒకే ఎత్తున నరికి, గడ్డితోపాటు నేల సారాన్నీ బయటికి తీసుకుపోతుంది. ఏటా కోస్తే ఆలస్యంగా పూసే మొక్కలు గింజ రాల్చలేవు. విశ్రాంతి సంవత్సరం అందుకే. మేత శ్రుతిమించితే మాత్రం తొక్కుడుకు తట్టుకునే పొట్టి మొక్కలే మిగులుతాయి.

నేల సంగతీ చెప్పాలి. చెర్నోజెమ్‌ను మన నల్లరేగడితో కలిపేయకూడదు. రేగడి నల్లగా ఉన్నా అందులో హ్యూమస్ (మొక్కలు కుళ్లి నేలలో చేరే సారం) తక్కువ. చెర్నోజెమ్ నలుపు వేల ఏళ్లుగా గడ్డి వేర్లు కుళ్లగా చేరిన హ్యూమస్‌దే, అది మీటరు లోతు దాకా దిగుతుంది. గొయ్యి తీస్తే నల్లటి గోడలో పసుపు మచ్చలు, కింది పసుపు పొరలో నల్ల మచ్చలు కనిపిస్తాయి: చుంచులాంటి గుడ్డి జీవులు తవ్విన బొరియలు పూడిపోయిన గుర్తులు.

స్ట్రెలెత్స్కయా దగ్గరే 1947 నుంచి ఒక నేల ముక్కను ఏమీ విత్తకుండా, కలుపు లేకుండా దున్నుతూ ఉంచారు. కొత్త వేరు పడని నేలలో పాత హ్యూమస్ ఎంత వేగంగా తరుగుతుందో పక్కనున్న దున్నని స్టెప్పీతో పోల్చి కొలుస్తారు. ఇలాగే కోసిన ముక్కలతో పోల్చి చూడటానికే, కోయని ముక్క జాతులు కోల్పోతున్నా దాన్ని కోయకుండానే ఉంచుతున్నారు.