ఇంటికి గది కలిపేటప్పుడు డ్రైనేజీ పైపు మార్చడం: అపోహలు - వాస్తవాలు

ఇంటి వెనక ఒక గది, దానికి ఆనుకొని ఒక బాత్రూమ్ కలుపుదామని ఎవరైనా పిలిస్తే, వెళ్లగానే నేను అడిగేది ఒక గునపం. దాంతో మ్యాన్‌హోల్ మూతలన్నీ లేపిస్తాను. ఇంటివాళ్లు ప్లాను కాగితం పట్టుకొని కిటికీ ఎటు రావాలో చూపిస్తుంటారు, నేను టార్చి వేసి గుంతలోకి చూస్తుంటాను. కొందరికి విసుగొస్తుంది కూడా. కానీ గది ఎక్కడిదాకా రావచ్చు, బాత్రూమ్ ఏ మూలన పడాలి, దాని ఫ్లోరు ఎంత ఎత్తులో ఉండాలి అన్నవి తేలేది ఆ గుంతలోనే. ఈ పనిలో రోజూ నా చెవిన పడే మాటలు కొన్ని, వాటిలో నిజమెంతో కింద రాస్తున్నాను.

అపోహ: ముందు గది కట్టేద్దాం, డ్రైనేజీ సంగతి తర్వాత ప్లంబర్ చూసుకుంటాడు.

వాస్తవం: ప్లంబర్ పైపును ఎటైనా తిప్పగలడు, నీటిని మాత్రం ఎత్తుకు ఎక్కించలేడు. ఒక చిన్న లెక్క చూడండి. పాత పైపు గది వచ్చే చోట 6 మీటర్లు తిన్నగా వెళ్తోందనుకుందాం. గదిని తప్పించి చుట్టూ తిప్పితే అదే దారి 14 మీటర్లవుతుంది. ఇళ్లలో వాడే 110 మిల్లీమీటర్ల పైపుకు మేం మామూలుగా ఇచ్చే వాటం (పైపు కిందికి వాలే కొలత) 40కి 1, అంటే మీటరుకు 25 మిల్లీమీటర్లు. ఆ లెక్కన తిన్నగా వెళ్లే పైపుకు 150 మిల్లీమీటర్ల దిగుడు చాలు, చుట్టూ తిరిగే దానికి 350 కావాలి. ఇప్పుడు ట్యూబ్ లెవల్‌తో (నీళ్లు నింపిన సన్న గొట్టంతో) రెండు చాంబర్ల, అంటే మ్యాన్‌హోల్ గుంతల, అడుగులు కొలిచి చూస్తే తేడా 200 మాత్రమే ఉంది. 14 మీటర్లకు 200 అంటే 70కి 1. టాయిలెట్ కలిసిన లైను 80కి 1 దాకా కూడా నడుస్తుంది, కానీ అప్పుడు పని అద్దంలా ఉండాలి. ఎక్కడైనా ఒక్క చోట 10 మిల్లీమీటర్లు కుంగినా నీళ్లు నిలబడిపోతాయి.

ఈ సంగతి పునాది తవ్వకముందే తెలిస్తే దారులు చాలా ఉంటాయి. గదిని ఒక మీటరు జరపవచ్చు, బాత్రూమ్‌ను పాత చాంబర్ వైపు మూలకు మార్చవచ్చు, బాత్రూమ్ ఫ్లోరు ఎత్తు పెంచుకోవచ్చు. పునాది మీద ప్లింత్ బీమ్ పోసేశాక నన్ను పిలిస్తే మిగిలేవి రెండే: బాత్రూమ్‌లోకి మెట్టెక్కి వెళ్లడం, లేదంటే మురుగుకు పంపు పెట్టడం. పంపు పెట్టాక కరెంటు పోయిన ప్రతిసారీ టెన్షనే.

అపోహ: వాటం ఎంత ఎక్కువిస్తే అంత మంచిది.

అపోహ: వాటం ఎక్కువైతే నీళ్లు ముందు పోయి మలం వెనక మిగిలిపోతుంది.

ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు. ఒకే సైటులో ఇద్దరు మేస్త్రీలు చెరొకటి చెప్పగా విన్నాను. రెండోది అందరూ నమ్మేది, కానీ నా లెక్కలో దానికి ఉండాల్సిన దానికంటే ఎక్కువ పేరొచ్చింది. పై అంతస్తు నుంచి నిలువుగా దిగే పైపులో ఏదీ మిగిలిపోవడం లేదు కదా. మరీ ఏటవాలుగా వేస్తే వచ్చే అసలు నష్టం వేరు: మనకున్న లోతు మొదట్లోనే అయిపోతుంది, చివరి ముక్క దాదాపు చదునుగా వేయాల్సి వస్తుంది. అక్కడే జామ్. నీటి వేగం సెకనుకు 0.75 మీటర్ల కంటే తగ్గకుండా, 2.4 మీటర్లు దాటకుండా ఉండేలా లైను వేయాలని ఇంజనీర్లు లెక్కగడతారు. ఇంటి పైపుకు వచ్చేసరికి దీని అర్థం ఒకటే, ఉన్న దిగుడును మొదటి నుంచి చివరి దాకా సమానంగా పంచాలి. నేను విప్పి చూసిన జాముల్లో ఎక్కువ భాగం వాటం తక్కువై వచ్చినవి కావు, మధ్యలో ఎక్కడో ఎదురు వాటం పడి వచ్చినవి.

అపోహ: అనుమానంగా ఉంటే పెద్ద సైజు పైపు వేసేస్తే జామ్ కాదు.

ఒక ఇంటి నీళ్లు 160 పైపులో పోతుంటే అడుగున పల్చటి పొరలా పారతాయి. మలాన్ని తేల్చి తీసుకెళ్లాలంటే నీటికి కాస్త లోతు కావాలి. పెద్ద పైపును తక్కువ వాటంతో వేయవచ్చన్న మాట నిజమే, కానీ అది చాలా టాయిలెట్లు కలిసి, ఎప్పుడూ నీళ్లు దండిగా పారే లైనుకు. ఒకటి రెండు బాత్రూముల ఇంటికి 110 సరిపోతుంది.

అపోహ: పాత పైపు బాగానే పనిచేస్తోంది, దాని మీదే గది కట్టేద్దాం.

వాస్తవం: కట్టవచ్చు, కానీ ఊరికే కాదు. పైపు ఇప్పటిదాకా మోసింది పెరట్లో మట్టిని. రేపటి నుంచి దాని మీద గోడ, పునాది, ఫ్లోరు వస్తాయి. పాత ఇళ్లలో స్టోన్‌వేర్ (కాల్చిన మట్టి) పైపులుంటాయి, ముక్కకూ ముక్కకూ మధ్య సిమెంటు అతుకు. కొంచెం కదిలినా ఆ అతుకులే ముందు పగులుతాయి. పగిలిన చోట చెట్టు వేరు దూరుతుంది. వెంట్రుక మందాన లోపలికి వెళ్లిన వేరు తర్వాత చీపురులా గుబురు కడుతుంది. కాబట్టి గది కిందకు వచ్చే ముక్క మొత్తం తీసి కొత్త పైపు వేయడమే నయం. కొత్త ప్లాస్టిక్ పైపును పాత స్టోన్‌వేర్‌కు కలిపే చోట సిమెంటు పూయకండి, అది ప్లాస్టిక్‌ను పట్టుకోదు. క్లిప్పులతో బిగించే రబ్బరు కప్లింగులు దొరుకుతాయి, అవే వాడాలి.

పునాది గోడలోంచి పైపు దాటే చోట ఇంకో జాగ్రత్త ఉంది. కొత్త గోడ మొదటి ఏడాది ఎంతో కొంత దిగుతుంది. పైపును గోడలో బిగించి సిమెంటుతో పూడిస్తే గోడతో పాటు అదీ దిగుతుంది, అవతల మట్టిలో ఉన్న ముక్క దిగదు. మధ్యలో విరగక ఏం చేస్తుంది? అందుకే గోడలో పైపు కంటే పెద్ద కన్నం వదిలి, పైన చిన్న లింటెల్ వేసి, పైపు చుట్టూ 50 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచాలి. ఆ సందులోంచి ఎలుకలు రాకుండా రెండు వైపులా మెత్తటి షీటుతో మూయాలి.

పునాది పక్కనే సమాంతరంగా పైపు వెళ్తుంటే లోతులు చూసుకోవాలి. పునాది అడుగు కంటే లోతుగా, దానికి మీటరు లోపల కాలువ తవ్వితే పునాది కింది మట్టి అటు జారే ప్రమాదం ఉంది. అలాంటి చోట పైపు వేశాక కాలువను పునాది అడుగు మట్టం దాకా కాంక్రీటుతో నింపాలి.

అపోహ: పైపు కింద ఇటుక ముక్కలు పెట్టి లెవల్ చేసుకుంటే చాలు.

ఇది నా తల మీద పడ్డ తప్పు. ఒక ఇంట్లో ఫ్లోరు కింద 5 మీటర్ల లైను. కుర్రాళ్లు వాటం కుదరడానికి రెండేసి మీటర్లకు ఒక ఇటుక ముక్క పెట్టి, మీద పైపు పరిచి, మట్టి తోసేశారు. నేను పై నుంచి చూశాను, దారం లాగి చూస్తే వాటం సరిగ్గా ఉంది, సరే అన్నాను. మూడు నెలలకు ఫోనొచ్చింది, ఫ్లష్ కొడితే నీళ్లు పైకి లేచి మెల్లగా దిగుతున్నాయని. రాడ్ వేసి పొడిస్తే జామ్ పోతుంది, పది రోజులకు మళ్లీ అదే వరస. చివరికి టైల్స్ పగలగొట్టి తవ్వితే కనిపించిందేమిటంటే, ఇటుకల మీద పైపు నిలబడింది, ఇటుకల మధ్య మట్టి కుంగి పైపు ఉయ్యాలలా వంగింది. ఆ వంపులో రెండు వేళ్ల లోతు నల్లటి బురద. ఒక ఇటుక అంచు పైపును సొట్ట కూడా పెట్టింది. పగలగొట్టిన ఫ్లోరు ఖర్చు నేనే పెట్టుకున్నాను.

అప్పటి నుంచి పైపు అడుగున పొడవునా 100 మిల్లీమీటర్ల ఇసుక గానీ సన్న కంకర గానీ పరిచి, సాకెట్ (ఇంకో పైపు దూరే వెడల్పాటి చివర) వచ్చే చోట చేత్తో చిన్న గుంత చేసి, పైపు ఒళ్లంతా ఆనేలా కూర్చోబెడతాం. రెండు పక్కలా అదే కంకర కాలితో తొక్కి నింపి, పైన ఇంకో 100 వేశాకే మట్టి. పెద్ద రాళ్లు, పెళ్లలు ఏరేస్తాం.

అపోహ: మ్యాన్‌హోల్ గదిలోకి వస్తే మూత మీద టైల్స్ వేసేస్తే సరి.

వద్దు. ఏదో ఒక రోజు అది తెరవాల్సి వస్తుంది, ఆ రోజు గదిలో మంచం, బీరువా అన్నీ ఉంటాయి. మొదటి ప్రయత్నం చాంబర్‌ను గోడ బయటికి జరపడమే. బొత్తిగా వీలుకాకపోతే ఇంటి లోపలికని చేసే డబుల్ సీల్ మూత వేయాలి. స్క్రూలతో బిగుస్తుంది, పైన టైల్ పరుచుకోవడానికి పళ్లెంలా ఉంటుంది. రోడ్డు లైను నిండి నీళ్లు వెనక్కి తన్నినా మామూలు మూతలా లేవదు.

అపోహ: మలుపు దగ్గర ఒక బెండ్ వేస్తే చాలు, చాంబర్ దండగ.

గది మూల చుట్టూ తిప్పితే రెండు మలుపులు తప్పవు. అక్కడ 90 డిగ్రీల బెండ్ వేసి పూడ్చేశారంటే రాడ్ అందులోంచి తిరగదు. మలుపు దగ్గర చాంబర్ పెట్టండి. చోటు లేకపోతే రెండు 45 బెండ్లు కలిపి వేసి, దగ్గర్లో పై నుంచి రాడ్ వేయడానికి మూత ఉన్న పైపు ఒకటి వదలండి. కొత్త బాత్రూమ్ లైను పాతదానికి కలిసే చోట T ఆకారపు అతుకు (టీ) వేయకండి, Y ఆకారపుది (వై) వేయండి, అదీ నీళ్లు పారే దిక్కుకు వాలి ఉండేలా.

అపోహ: వెంట్ పైపు అడ్డొస్తోంది, కోసేస్తే నష్టం లేదు.

పాత ఇంటి వెనక గోడ మీదే, లైనులోకి గాలి వచ్చిపోయే వెంట్ పైపు ఉంటుంది, కొత్త గది సరిగ్గా అక్కడే వస్తుంది. కోసేస్తే మొదట ఏమీ తెలియదు. తర్వాత ఫ్లష్ కొట్టినప్పుడల్లా వాష్‌బేసిన్‌లో గుడగుడమంటుంది. దిగే నీరు వెనక గాలిని లాగుతుంది, వెంట్ లేకపోతే ఆ గాలిని ట్రాపుల్లోంచి (బేసిన్, జాలీల కింద నీరు నిలిచి ఉండే వంపుల్లోంచి) లాగుతుంది. ట్రాపులో వాసనను ఆపేది సుమారు 50 మిల్లీమీటర్ల నీరే, అది పోయాక ఇల్లంతా కంపు. గాలిని లోపలికి మాత్రమే తీసుకునే వాల్వులు వచ్చాయి, కొత్త బాత్రూమ్‌కు అవి పనికొస్తాయి. కానీ అవి లోపలి గాలిని బయటికి వదలవు. లైను మొత్తం మీద కనీసం ఒక వెంట్ అయినా కప్పు పైన ఆకాశంలోకి తెరిచి ఉండాలి. దాన్ని జరిపేటప్పుడు కొత్త గది కిటికీ పక్కన ముగియకుండా చూసుకోండి.

వాసన వచ్చిన ప్రతిసారీ వెంట్‌ను అనుమానించనక్కర్లేదు. వాడని బాత్రూమ్‌లో ఫ్లోర్ ట్రాప్ ఎండిపోయి కూడా వాసన వస్తుంది, ఒక మగ్గు నీళ్లు పోసి చూడండి.

అపోహ: కొత్త కప్పు మీది వాన నీళ్లు కూడా అదే లైనులోకి వదిలేయొచ్చు.

30 చదరపు మీటర్ల కప్పు మీద గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే 1500 లీటర్లు. ఒక ఫ్లష్ 6 నుంచి 10 లీటర్లు. ఆ తేడా చాలు అర్థం కావడానికి. లైను నిండితే మురుగు ముందు పైకి వచ్చేది ఇంట్లో అన్నిటికంటే కిందున్న జాలీలోంచి, చాలాసార్లు అది కొత్త బాత్రూమ్‌దే. సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇంట్లోనైతే అడుగున పేరుకున్న మడ్డి లేచి ఇంకుడు గుంతలోకి పోతుంది, గుంత పూడుకుపోతుంది. వాన నీటికి వేరే పైపు, వేరే దారి.

అపోహ: మన స్థలంలో ఉన్న పైపు మనదే, ఎటైనా మార్చుకోవచ్చు.

మ్యాన్‌హోల్ మూత తీసి, మీ ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి ఐదు నిమిషాలు చూడండి. అయినా నీళ్లు వస్తున్నాయంటే పక్కింటి లైను కూడా అందులో కలిసి ఉండొచ్చు. అలాంటి పైపును ముట్టుకోవాలంటే ముందు స్థానిక సంస్థ అనుమతి కావాలి. ఏ పైపు ఎక్కడికి పోతుందో తెలియకపోతే ఒక్కో టాయిలెట్లో ఒక్కో రంగు నీళ్లు కలిపి ఫ్లష్ కొట్టి, ఏ చాంబర్‌లో ఏ రంగు వచ్చిందో చూస్తే సగం తేలిపోతుంది. మిగతా సగానికి కెమెరా వేయించడం మంచిది.

అపోహ: బకెట్ నీళ్లు పోశాం, అవతల వచ్చాయి, పూడ్చేయొచ్చు.

కారే పైపులోంచి కూడా బకెట్ నీళ్లు అవతలికి వస్తాయి. నేను మూడు పరీక్షలు చేస్తాను. ఒక చాంబర్‌లో టార్చి, ఇంకో చాంబర్‌లో అద్దం: వెలుగు పూర్తి గుండ్రంగా కనిపించాలి, అరచందమామలా కనిపిస్తే మధ్యలో ఎక్కడో వంగింది. తర్వాత పైపు లోపలి కొలత కంటే 13 మిల్లీమీటర్లు చిన్నదైన నున్నటి బంతిని పై నుంచి వదిలితే అది ఎక్కడా ఆగకుండా బయటికి రావాలి. చివరిగా కింది చివర బిరడా బిగించి, పై చివర నిలువు పైపు పెట్టి 1.5 మీటర్ల ఎత్తున నీళ్లు నింపి, కాసేపయ్యాక తగ్గింది మళ్లీ నింపి, 30 నిమిషాలు మట్టం చూడాలి. పైన కాంక్రీటు పడకముందే ఇవన్నీ అయిపోవాలి.

అపోహ: పని జరిగినన్నాళ్లూ ఇంట్లో టాయిలెట్ వాడకూడదు.

అవసరం లేదు. కొత్త లైను మొత్తం వేసి, పరీక్షించి, రెండు చివరలూ మూసి ఉంచుతాం. పాతదాన్ని కోసి కొత్తదానికి కలిపేది చివరి రోజు, పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికల్లా అయిపోతుంది. ఆ పూట వరకే ఆపుకోవాలి. వదిలేసిన పాత పైపును తీసేయండి. తీయలేకపోతే రెండు చివరలా మూసి, లోపల పల్చటి సిమెంటు పాలతో నింపించండి. ఖాళీగా వదిలితే ఎలుకల కాపురం అక్కడే.

అపోహ: మ్యాన్‌హోల్‌లోకి దిగేముందు అగ్గిపుల్ల వెలిగించి చూస్తే గ్యాసుందో లేదో తెలుస్తుంది.

లోపల మీథేన్ ఉంటే ఆ అగ్గిపుల్లే మంట పెడుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ సంగతి అగ్గిపుల్లకు తెలియదు. కుళ్లిన గుడ్ల వాసన రావడం లేదు కాబట్టి గ్యాసు లేదనుకోవడం ఇంకా ప్రమాదం, అది మోతాదు పెరిగితే ముక్కునే మొద్దుబారుస్తుంది. లోతైన చాంబర్‌లోకి గానీ సెప్టిక్ ట్యాంకులోకి గానీ నా మనుషులెవరినీ దిగనివ్వను. లెవల్ కొలవడానికి పై నుంచి కర్ర దించితే చాలు. లోపల పని ఉంటే మిషను తెప్పిస్తాం. ఒక పూట ఆలస్యమవుతుందని ఇంటాయన విసుక్కుంటే విసుక్కోనీ.