పెరుగు మానేస్తే పరుగు పెరుగుతుందా?

కిందటి నెల ఒక ఆదివారం పొద్దున బెంగళూరు కంఠీరవ స్టేడియం బయట కాఫీ తాగుతుంటే ఒకాయన పలకరించాడు. హిందూపురం మనిషి, పన్నెండేళ్ళుగా కె.ఆర్.పురంలో ఉంటున్నాడు. కూతురు పీయూసీ రెండో ఏడు చదువుతోంది, 800 మీటర్లు పరిగెడుతుంది. నేను కాలేజీలో జీవరసాయన శాస్త్రం చెబుతానని ఎవరో చెప్పారట.

"సార్, పెరుగులో ఉండేది లాక్టిక్ ఆసిడే గదా? కాళ్ళలో చేరి పట్టేసేదీ అదే గదా? అందుకే పోటీలకు నెల ముందు నుంచి పాపకు పెరుగన్నం మాన్పించినా. మంచిదేనా?"

నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. ఆయన తర్కంలో లోపం లేదు. లోపం మా పంతుళ్ళు చెప్పిన పాఠంలో ఉంది. "ఆక్సిజన్ చాలనప్పుడు కండరంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, దానివల్లే అలసట, నొప్పి" అని నేనే ఎన్నేళ్ళో బోర్డు మీద రాశాను. ఒక మార్కు ప్రశ్న. ఇప్పుడు ఆ ఒక్క మార్కు పాపం ఒక పిల్ల పెరుగన్నం మీద పడింది.

ఆయన రెండో ప్రశ్న ఇంకా బాగుంది. "వారంలో నాలుగు రోజులు మెల్లగా గంటసేపు పరిగెత్తిస్తాడు కోచ్. రెండు రోజులు థ్రెషోల్డ్ అంటాడు, అదీ పూర్తి వేగం కాదు. పాప పోటీ అంతా కలిపి రెండుంబావు నిమిషాలు. దానికి ఇంత నిదానం దేనికి సార్?"

పెరుగు సంగతి ఒక్క ముక్కలో తేలుతుంది. గిన్నెడు పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లం గ్రాము, రెండు గ్రాములు. మనం ఏ పనీ చేయకుండా కూర్చున్నా ఒంట్లో రోజుకు వంద గ్రాములకు పైగా లాక్టేట్, అంటే ఆమ్లకణం వదిలేసిన లాక్టిక్ ఆమ్లం, తయారవుతుంది, ఖర్చవుతుంది. సముద్రంలో చెంబెడు నీళ్ళు పోసి అల పెద్దదయిందా అని చూడనక్కర్లేదు. పేరు కలిసిందే పెద్ద చిక్కు. 1780లో షీలే అనే రసాయనవేత్త దీన్ని మొదట పులిసిన పాలలో పట్టుకున్నాడు కాబట్టి పాల పేరు అంటుకుంది. మొదట కండరంలో దొరికి ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు.

రెండో ప్రశ్నకే చెరువు కావాలి.

మాది మదనపల్లె వైపు. మా ఊళ్ళవన్నీ గొలుసుకట్టు చెరువులు. పై ఊరి చెరువు నిండితే మిగులు నీళ్ళు మరవ మీదుగా కాలువలో పడి కింది ఊరి చెరువుకు చేరతాయి. మేం మరవ అంటాం, తెలంగాణలో అలుగు, మత్తడి అంటారు, నెల్లూరు వైపు కలుజు అంటారు. పై ఊరివాళ్ళు "పోతున్నాయి" అనుకునే నీళ్ళు కింది ఊరివాళ్ళకు "వస్తున్నాయి". బెంగళూరు కూడా ఇదే వరస. బెళ్ళందూరు చెరువు మిగులు వర్తూరు చెరువుకు పోతుంది, అక్కణ్ణుంచి దక్షిణ పినాకినికి. ఈ చెరువుల్ని కలిపే కాలువల్ని ఇక్కడ రాజకాలువలంటారు.

ఇప్పుడు కాలి కండరంలోకి వద్దాం. అందులో రెండు రకాల పోగులు కలిసి ఉంటాయి. వేగపు పోగులు ఏటవాలు కొండ కింద ఉన్న చిన్న చెరువులాంటివి, వాన పడితే గభాలున నిండుతాయి. నిదానపు పోగులు కింది పెద్ద చెరువు, దానికింద బోలెడు ఆయకట్టు. ఆ ఆయకట్టు పేరు మైటోకాండ్రియా, ఆక్సిజన్‌తో ఇంధనాన్ని కాల్చే కణంలోని పొయ్యిలు. వేగపు పోగులో గ్లూకోజు ముక్కలై పైరువేట్ అవుతుంది, రెండు ఏటీపీలు దక్కుతాయి. ఏటీపీ అంటే కణం ఖర్చుపెట్టే శక్తి నాణెం. కానీ ఈ పని సాగాలంటే ఎన్‌.ఏ.డి. అనే మోత కూలీ ఖాళీ చేతులతో ఉండాలి. అతని నెత్తిన హైడ్రోజన్ మూట ఎక్కి కూర్చుంటే తర్వాతి గ్లూకోజు ముందుకు కదలదు. అప్పుడు ఎల్‌.డి.హెచ్. అనే ఎంజైము ఆ మూటను దించి పైరువేట్‌కు అంటగడుతుంది. అలా పుట్టిందే లాక్టేట్. అంటే లాక్టేట్ పని ఆపేది కాదు, ఆగిపోబోయే పనిని నడిపించేది. మరో మాట, కండరం ఎంత ఆమ్లపూరితమైనా పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే అంకె) 6.5 ప్రాంతం దాటి పెద్దగా దిగదు. లాక్టిక్ ఆమ్లం తన ఆమ్లకణాన్ని సగానికి సగం పట్టి ఉంచుకోవాలంటే పీహెచ్ 3.9 కావాలి. అందుకే ఒంట్లో లాక్టిక్ ఆమ్లం దాదాపు ఉండదు, ఉండేదంతా లాక్టేటే. నా ఒక మార్కు ప్రశ్న పేరులోనే తప్పింది.

ఈ లాక్టేట్ వేగపు పోగు గోడలో ఎం.సి.టి.4 అనే తలుపు గుండా బయటికొస్తుంది, తనతో ఒక ఆమ్లకణాన్ని వెంటబెట్టుకుని. పక్కనున్న నిదానపు పోగు ఎం.సి.టి.1 అనే తలుపు తీసి లోపలికి తీసుకుంటుంది, తిరిగి పైరువేట్‌గా మార్చి ఆక్సిజన్‌తో పూర్తిగా కాల్చేస్తుంది. రెండు ఏటీపీలే రాల్చిన సరుకు ఇక్కడ పదులకొద్దీ ఇస్తుంది. మిగిలినది రక్తంలో పడి గుండెకు చేరుతుంది, గుండె దాన్ని ఇష్టంగా వాడుకుంటుంది. ఇంకా మిగిలినది కాలేయానికి. కాలేయానిది ఎత్తిపోతల పథకం: కింది నీళ్ళను పైకి తోడినట్టు లాక్టేట్‌ను మళ్ళీ గ్లూకోజు చేసి పంపుతుంది. కరెంటు బిల్లు మాత్రం వాచిపోతుంది. కండరంలో 2 ఏటీపీలు సంపాదించినదానికి కాలేయంలో 6 ఖర్చు. ఈ చక్రాన్ని కనిపెట్టిన కోరి దంపతులకు 1947లో నోబెల్ పంచుకునే భాగ్యం కలిగింది.

ఒకరి మిగులు ఇంకొకరి ఇంధనమన్న సంగతిని 1980లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జార్జ్ బ్రూక్స్ గట్టిగా వాదించాడు. అప్పటిదాకా చాలామందికి లాక్టేట్ అంటే చెత్త. ఎందుకలా అనుకున్నారో తలచుకుంటే నాకు ముచ్చటేస్తుంది. 1907లో కేంబ్రిడ్జిలో ఫ్లెచర్, హాప్‌కిన్స్ కప్ప కండరాన్ని కోసి విడదీసి, దాన్ని అలిసేదాకా కదిలించి, లాక్టిక్ ఆమ్లం పేరుకుందని చూపించారు. మంచి ప్రయోగమే. కానీ కోసిన కండరానికి రక్తం లేదు, గుండె లేదు, కాలేయం లేదు. మరవ మూసేసి, కాలువ పూడ్చేసి, చెరువు పొంగింది చూడండి అన్నట్టు!

థ్రెషోల్డ్ అంటే తెలుగులో గడప. నాకు ఆ మాట నచ్చదు. గడప దాటితే వేరే గదిలోకి వెళ్ళినట్టు, ఇవతల ఆక్సిజన్, అవతల లేదు అన్నట్టు ధ్వనిస్తుంది. అలా ఉండదు. వాన మొదటి నుంచీ పడుతూనే ఉంది. నడిచేటప్పుడూ లాక్టేట్ పుడుతూనే ఉంది, వచ్చినంత పోతోంది, మట్టం కదలడం లేదు, అంతే. చెరువు మట్టం చూసి వాన ఎంత పడిందో చెప్పలేం. రాకకూ పోకకూ తేడా ఎంతో మాత్రమే తెలుస్తుంది. ఈ ఒక్కటి అర్థమైతే మిగతా పాఠం దానంతటదే వస్తుంది.

కూర్చున్న మనిషి రక్తంలో లీటరుకు సుమారు 1 మిల్లీమోల్ లాక్టేట్ ఉంటుంది. పరుగు వేగం పెంచుకుంటూ పోతే 2 దగ్గర మట్టం కాస్త కదులుతుంది. ఇంకొంత వేగం దగ్గర రాక, పోక సరిసమానమైన ఆఖరి మెట్టు వస్తుంది. కోచ్ చెప్పే థ్రెషోల్డ్ అదే. అది దాటితే నిమిష నిమిషానికీ మట్టం ఎగబాకుతుంది. ఆ మెట్టుకు 1976లో జర్మనీలో మాడర్ బృందం 4 అనే అంకె కట్టింది. అదేం శిలాశాసనం కాదు. ఒకరికి 3 దగ్గరే వస్తుంది, ఇంకొకరికి 5 దాటాక. 800 మీటర్ల పోటీ ముగించిన మంచి రన్నర్ రక్తంలో 15 కూడా దాటుతుంది. కట్ట మీదుగా నీళ్ళు దూకుతున్నట్టే.

మరి పోటీలో కట్టలు తెంచుకునేవాళ్ళకు సాధనలో ఈ నిదానం దేనికి?

800 మీటర్ల శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు ఆక్సిజన్ మార్గంలోనే వస్తుంది. 1500 మీటర్లలో 80 శాతానికి పైనే. చిన్న పోటీ కాబట్టి ఊపిరి బిగబట్టి దూకేయడమే అనుకుంటాం, లెక్క అలా లేదు. 2012 లండన్‌లో డేవిడ్ రుడీషా 1 నిమిషం 40.91 సెకన్లతో ప్రపంచ రికార్డు కొట్టినప్పుడు మొదటి చుట్టు 49.28, రెండోది 51.63. ప్రపంచంలో అందరికంటే వేగంగా పరిగెత్తినవాడు కూడా రెండో చుట్టులో నెమ్మదించాడు. ఈ పోటీలో చివర దూసుకొచ్చినట్టు కనిపించేవాళ్ళు చాలాసార్లు తక్కువగా నెమ్మదించినవాళ్ళే. నీళ్ళు పోయే కాలువ వెడల్పుగా ఉంటే అదే వేగం దగ్గర మట్టం ఆలస్యంగా లేస్తుంది, ఆఖరి 150 మీటర్లకు కట్టలో ఇంకో మూర మిగులుతుంది.

ఆ కాలువను తవ్వేది వాన కాదు, పారకం. అంచు వరకూ నీళ్ళు తెచ్చి, పొంగనివ్వకుండా, అరగంట నలభై నిమిషాలు పారించాలి. అప్పుడు మైటోకాండ్రియా పెరుగుతాయి, సన్న రక్తనాళాలు అల్లుకుంటాయి, ఎం.సి.టి. తలుపులు ఎక్కువవుతాయి. ఇక్కడే నా చెరువు పోలిక ఓడిపోతుందని ఒప్పుకోవాలి. చెరువులో నీళ్ళు పారితే పూడిక చేరుతుంది. కండరంలో పారకమే పూడిక తీస్తుంది. పారకం ఆపితే కొన్ని వారాల్లోనే కాలువ మళ్ళీ పూడిపోతుంది. ఆ విషయంలో మాత్రం బెంగళూరు రాజకాలువలకు సరిపోలిక. పూడ్చి ఇళ్ళు కట్టుకుంటే ఏమవుతుందో 2022 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు మీద ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు పోయినవాళ్ళనడగండి.

నార్వేవాళ్ళు చెరువు నీళ్ళను చూసుకునే ఈ నీరుగంటి పనిని పరాకాష్ఠకు తీసుకెళ్ళారు. 5000 మీటర్ల రన్నర్ మారియస్ బాకెన్ తన రక్తాన్నే వేలసార్లు పరీక్షించుకుని, 4 దాకా పోనక్కర్లేదు, 3 లోపే ఆపితే ఒకే రోజు పొద్దునా సాయంత్రమూ రెండుసార్లు చేయొచ్చని తేల్చాడు. అదే దారిలో పెరిగిన యాకొబ్ ఇంగెబ్రిగ్ట్‌సెన్ టోక్యో ఒలింపిక్స్‌లో 1500 మీటర్లను 3 నిమిషాల 28.32 సెకన్లలో గెలిచాడు. ఒకే విడతగా పరిగెత్తరు వాళ్ళు. వెయ్యి మీటర్లు, నిమిషం విరామం, మళ్ళీ వెయ్యి. ఆ నిమిషంలో మట్టం కాస్త దిగుతుంది, అందుకే మొత్తం పారకం ఎక్కువసేపు నడుస్తుంది.

మాటలతో ఆగక, తెలిసినవాళ్ళ దగ్గర లాక్టేట్ మీటరు అడిగి తెచ్చి తర్వాతి గురువారం ట్రాక్ దగ్గరికి వెళ్ళాను. అరచేతిలో పట్టే యంత్రం, షుగర్ పరీక్ష చేసేదానిలాగే ఉంటుంది. చెవి తమ్మెను ముందు తుడవాలి, గుచ్చాక వచ్చే మొదటి చుక్కనూ తుడిచేయాలి. చెమటలోనూ లాక్టేట్ ఉంటుంది, అది కలిస్తే అంకె ఎగిరిపోతుంది. నేను మొదటిసారి తుడవడం మరిచి 9.4 చూసి కంగారుపడ్డాను. పాప అప్పటికి రెండు చుట్లు జాగింగ్ చేసిందంతే. తుడిచి మళ్ళీ తీస్తే 1.5.

వెయ్యి మీటర్లు అయిదుసార్లు, ఒక్కోటి 4 నిమిషాల 20 సెకన్లలో అని అనుకున్నాం. రెండోదాని తర్వాత 2.6, నాలుగోదాని తర్వాత 3.1. అయిదోసారి పక్క లేన్‌లో ఒక కుర్రాడు దాటిపోయాడు. పిల్లకు రోషమొచ్చింది, 3 నిమిషాల 58 సెకన్లలో వచ్చి గడ్డి మీద కూలబడింది. 6.1. ఆ ఒక్క పరుగుతో మరవ దాటింది.

మీటరు లేనివాళ్ళకు పదమూడో ఎక్కం చాలు. మెల్లటి పరుగులో "పదమూడు ఒకట్ల పదమూడు, పదమూడు రెళ్ళ ఇరవయ్యారు, పదమూడు మూళ్ళ ముప్ఫై తొమ్మిది" అని ఆగకుండా చెప్పగలగాలి. థ్రెషోల్డ్ దగ్గర ఒక్కో ఊపిరికి ఒక్కో వరస. "పదమూడు" అని ఆగిపోతున్నారంటే మరవ దాటారు. చెన్నై ఉక్కపోతలో ఇదే ఎక్కం తక్కువ వేగం దగ్గరే ఆగుతుంది. అక్కడ గడియారాన్ని కాదు, ఎక్కాన్నే నమ్మాలి.

ఇది ఒక్కటే చాలదు, అదీ చెప్పాలి. 800 రన్నర్‌కు కట్ట ఎత్తు కూడా కావాలి. మట్టం లేచాక లాక్టేట్‌తో పాటు పేరుకునే ఆమ్లకణాలను తట్టుకునే శక్తి కండరంలోని కార్నొసిన్ అనే పదార్థం, రక్తంలోని బైకార్బొనేట్ ఇస్తాయి. దానికి వారానికో పదిరోజులకో నిజంగా కట్ట తెగేంత గట్టి పరుగులుండాలి. బైకార్బొనేట్ అంటే మన వంటసోడాయే. కిలో బరువుకు 0.3 గ్రాముల చొప్పున తీసుకుంటే పోటీలో కొంత లాభముంటుందని పరీక్షల్లో తేలింది. యాభై కిలోల మనిషికి 15 గ్రాములు! కడుపు తిప్పి ట్రాక్ వదిలి పరిగెత్తాల్సి రావచ్చు, పిల్లల మీద ప్రయోగాలొద్దు. కానీ చిత్రం చూడండి, ఎవరూ భయపడని వంటసోడాకు పరుగు మీద ప్రభావముంది, అందరూ భయపడే పెరుగుకు లేదు. రెండోరోజు వచ్చే ఒళ్ళునొప్పులూ లాక్టేట్ పని కాదు. అది గంటలోపే మామూలు మట్టానికి వచ్చేస్తుంది. ఆ నొప్పులు కండరపు పోగుల్లో పడ్డ సన్నటి చీలికలవి. నువ్వుల నూనెతో మర్దనా హాయిగానే ఉంటుంది, లాక్టేట్‌ను పిండడానికని మాత్రం చేయకండి.

కంఠీరవ స్టేడియం కట్టింది సంపంగి చెరువు నేల మీద. ఇప్పుడు మిగిలింది పక్కన కరగ ఉత్సవానికి వదిలిన చిన్న గుంట. ఆ సంగతి చెబితే పాప ట్రాక్ కేసి కాసేపు చూసి, "అయితే నేను చెరువులో పరిగెత్తుతున్నానా సార్!" అంది. వాళ్ళ నాన్న పక్కనే ఉండి అంతా విన్నాడు. పెరుగన్నం పెట్టండి అన్నాను. పరుగుకు రెండు మూడు గంటల ముందు, కడుపు బరువెక్కకుండా.

"సరే సార్. మజ్జిగో?"

వచ్చే గురువారం మొదటి వెయ్యి 4 నిమిషాల 25 సెకన్లతో మొదలుపెట్టమన్నాను. పక్క లేన్‌లో ఎవరొచ్చినా సరే. డబ్బాలో ఇంకా తొమ్మిది స్ట్రిప్పులే ఉన్నాయి.