గుడ్డు తిన్నా ఇన్సులిన్ వస్తుందా?

చిన్నీ, నానీ,

ఇద్దరికీ తాతయ్య దీవెనలు. మొన్న ఫోన్లో చిన్నీ, "గుడ్డులో చక్కెర లేదు కదా తాతయ్యా, మరి అది తిన్నా ఇన్సులిన్ ఎందుకొస్తుంది?" అని అడిగితే నీళ్లు నమిలాను. ముప్ఫయ్యేళ్లు బడిలో "ఇన్సులిన్ అంటే చక్కెర కోసం" అని చెప్పినవాణ్ని మరి! అది సగం మాటే.

ముందు అన్నం సంగతి. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల గోడకు పొటాషియం బయటికి కారిపోయే తలుపులుంటాయి. ధనావేశమున్న పొటాషియం అలా పోతున్నంతసేపూ లోపల ఋణావేశం నిలిచి, కణం నిద్రపోతుంటుంది. అన్నం అరిగితే వచ్చే చక్కెర, అంటే గ్లూకోజు, లోపలికెళ్లి కాలితే కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం పెరిగి ఆ తలుపులు మూసుకుంటాయి. ఋణావేశం తగ్గుతుంది. అప్పుడు కాల్షియం తలుపులు తెరుచుకుని కాల్షియం లోపలికి దూకుతుంది. సంచుల్లో దాచిన ఇన్సులిన్ రక్తంలోకి వచ్చేస్తుంది.

ఇక గుడ్డు. అందులో ప్రొటీన్ సుమారు 6 గ్రాములు, పిండిపదార్థం ఒక్క గ్రాము కూడా ఉండదు. ప్రొటీన్ అరిగితే అమైనో ఆమ్లాలవుతాయి. వాటిలో ఆర్జినిన్ అనేదాని ఒంటిమీదే ధనావేశం ఉంది కాబట్టి అది కణంలోకి వస్తూనే ఋణావేశాన్ని తగ్గిస్తుంది. అలనిన్ అనే ఇంకొకటి ధనావేశమున్న సోడియాన్ని వెంటబెట్టుకొస్తుంది. 1966లో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆరోగ్యవంతుల నరంలోకి అమైనో ఆమ్లాలు ఎక్కించి చూస్తే ఆర్జినిన్‌దే పైచెయ్యి అయింది.

నాకు నచ్చింది మాత్రం లూసిన్ అనే అమైనో ఆమ్లం తీరు. బీటా కణంలో గ్లూటమేట్ డీహైడ్రోజినేజ్ అని ఒక ఎంజైము ఉంది. పేరు చూసి భయపడకండి. నాయనమ్మ కట్టెలపొయ్యి దగ్గర ఊదుడుగొట్టం చూశారుగా? గ్లూటమిన్ అనే మరో అమైనో ఆమ్లం బొగ్గులైతే లూసిన్ ఆ గొట్టం. గ్లూటమిన్ ఒక్కటే ఇస్తే ఇన్సులిన్ రాదు. లూసిన్ తోడైతే ఎంజైము రాజుకుని ఏటీపీ పెరుగుతుంది. ఆ తర్వాత అన్నం కథే. లూసిన్ తానూ కొంత కాలుతుందనుకోండి, అందుకే నా పోలిక అచ్చంగా అతకదు.

లూసిన్ అందగానే రక్తంలో చక్కెర పడిపోయే పసిపిల్లల గురించి వైద్యులు 1956లోనే రాశారు. అప్పట్లో కారణం తెలియదు. 1998లో అలాంటి కొన్ని కుటుంబాల్లో ఈ ఎంజైము జన్యువులోనే తేడా దొరికింది. దాంతో ఆ ఎంజైముకు బ్రేకు సరిగా పడదు. ఆ పిల్లల రక్తంలో అమోనియా కూడా ఎక్కువే.

మరి గుడ్డు తింటే మనకు చక్కెర ఎందుకు పడిపోదు? అమైనో ఆమ్లాలు పక్కనున్న ఆల్ఫా కణాల్నీ లేపుతాయి. అవి వదిలే గ్లూకగాన్ అనే హార్మోను కాలేయం చేత చక్కెర బయటికి తీయిస్తుంది. ఇన్సులిన్ వాడిన చక్కెర అలా భర్తీ అవుతుంది.

నానీ, ఇది నీకు. గ్లూకోజు బాగా తక్కువున్నప్పుడు ఆర్జినిన్ ఇచ్చినా బీటా కణం పెద్దగా పలకదు. ఎందుకో పొటాషియం తలుపుల దగ్గర వెతుకు. ఆదివారం ఫోన్ చేస్తాను.

మీ తాతయ్య