టర్బిడిటీ కదలకపోతే ఫిల్టర్ బాగున్నట్టేనా?

"టర్బిడిటీ 0.08 ఎన్‌టీయూ దగ్గరే ఉంది సార్, కౌంటర్‌లోనే ఏదో తేడా ఉంది." ఫిల్టర్ దాటి వచ్చిన నీళ్లలో రేణువులను లెక్కపెట్టే లేజర్ పార్టికల్ కౌంటర్లు పెట్టిన తాగునీటి శుద్ధి ప్లాంట్లలో నాకు పదే పదే వినిపించే మాట ఇది. టర్బిడిటీ అంటే నీళ్ల మసక, దాన్ని కొలిచే యూనిట్ ఎన్‌టీయూ. అలారం మోగితే కౌంటర్‌ను అనుమానిస్తారు, ఫిల్టర్‌ను మాత్రం అనుమానించరు.

అపోహ: టర్బిడిటీ కదలకపోతే ఫిల్టర్‌కు ఢోకా లేదు.

వాస్తవం: ఈ రెండు పరికరాలు చూసేవి వేర్వేరు. టర్బిడిటీ మీటర్ నీళ్లలోని రేణువులన్నీ కలిసి 90 డిగ్రీల కోణంలో వెదజల్లిన కాంతిని ఒక్క అంకెగా చూపిస్తుంది. కౌంటర్‌లో ఒక్కో రేణువు లేజర్ కిరణానికి అడ్డొచ్చినప్పుడు సెన్సర్ మీద పడే నీడను బట్టి సైజు తెలుస్తుంది. మామూలుగా 2 మైక్రాన్ల నుంచి పైవాటిని లెక్కపెడుతుంది. మిల్లీలీటరుకు ఇరవై ఉన్న కౌంట్ వందకు చేరినా టర్బిడిటీ గీతలో ఆ తేడా కనిపించకపోవచ్చు. విరేచనాలు తెప్పించే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి ఊసిస్టులు (గట్టి పెంకు ఉన్న దాని గుడ్డు లాంటి రూపాలు) 4 నుంచి 6 మైక్రాన్లుంటాయి, అంటే సరిగ్గా ఈ సైజులోవే. మనం వేసే మోతాదు క్లోరిన్‌కు అవి చావవు. వాటిని ఆపాల్సింది ఫిల్టరే. 1993లో అమెరికాలోని మిల్వాకీలో అవి ఫిల్టర్లు దాటి వచ్చినప్పుడు సుమారు నాలుగు లక్షల మంది జబ్బుపడ్డారని అంచనా.

ఒక ప్లాంట్‌లో కౌంటర్ ఊరికే మోగుతోందని అలారం పరిమితినే పెంచేశారు. గ్రాఫ్ తీయించి చూశాను. టర్బిడిటీ స్కేలు పెట్టి గీసినట్టు అడ్డంగా, సమంగా పోతోంది. కౌంట్ మాత్రం మెట్టులా ఒక్కసారిగా లేచి, మెల్లగా దిగుతోంది. లాగ్‌బుక్ పక్కన పెట్టుకుని చూస్తే, పక్క ఫిల్టర్‌ను బ్యాక్‌వాష్‌కు (నీళ్లు ఎదురు తోసి కడగడానికి) తీసిన ప్రతిసారీ ఆ మెట్టు ఉంది. దానికి వెళ్లాల్సిన నీళ్లన్నీ మిగతా ఫిల్టర్ల మీద ఒక్కసారిగా పడి, వాటి ఇసుక బెడ్‌లో పట్టుకుని ఉన్న మురికిని కదిలించి కిందికి తోస్తున్నాయి. బ్యాక్‌వాష్‌కు ముందు ప్లాంట్ ఇన్‌ఫ్లో తగ్గించి, వాల్వులు నిదానంగా తిప్పితే ఆ మెట్టు దాదాపు పోయింది. కౌంటర్ మొదటి నుంచీ నిజమే చెప్పింది!

కౌంట్ అంటే క్రిముల సంఖ్య అని భయపడేవాళ్లూ ఉన్నారు. కాదు. మట్టి రేణువో, ఆలం ఫ్లాకో (పటిక వేస్తే కట్టే మురికి ముద్ద), ఊసిస్టో కౌంటర్‌కు తెలియదు. రెండు ఫిల్టర్ల కౌంటర్లు ఒకే అంకె చూపించాలనీ లేదు, ఏ ఫిల్టర్‌ను దాని పాత రికార్డుతోనే పోల్చాలి. రా వాటర్‌కు (శుద్ధికి ముందు నీళ్లకు) కౌంటర్ పెట్టి రిమూవల్ లెక్కలు, అంటే ఫిల్టర్ ఎన్ని రేణువులను ఆపిందో, కట్టడమైతే నాకు అసలు నచ్చదు. ఆ నీళ్లలోలా రేణువులు ఎక్కువైతే రెండు మూడు ఒకేసారి కిరణంలో పడి ఒకటిగా నమోదవుతాయి.

రాత్రి షిఫ్ట్‌లో ఒక్కరే ఉన్నప్పుడు అలారం మోగితే టెన్షన్ సహజం. దొంగ అలారాలు కూడా వస్తాయి, కాదనను. ముందు శాంపిల్ ఫ్లో చూడండి, ఆ సెన్సర్‌కు నిర్ణయించిన ఫ్లో రావాలి. ట్యూబ్‌ను వెలుతురులో పట్టుకుని చూడండి, గాలి బుడగలు జారుతుంటే అవీ రేణువులుగానే లెక్కకొస్తాయి. అప్పుడే ఎవరైనా శాంపిల్ వాల్వ్ తిప్పారేమో అడగండి, పైపు గోడల తుప్పు రాలి ఉండొచ్చు. ఇవేవీ కాక కౌంట్ ఇంకా ఎక్కుతూనే ఉంటే, టర్బిడిటీ కదిలేదాకా ఆగకుండా ఫిల్టర్‌ను లైన్‌లోంచి తీసి బ్యాక్‌వాష్ చేయండి. తిరిగి పెట్టాక మొదటి నీళ్లను, కౌంట్ దిగేవరకు, వేస్ట్‌కే వదలండి.