అక్క వేడుకకు ముందు మీతో రెండు మాటలు

చిరంజీవులైన మనవరాళ్లకు,

మీ అమ్మమ్మ ఆశీస్సులు. పెళ్లికి వారం ముందు పెద్దక్కకు బ్రైడల్ షవర్ చేస్తామని, ఏ అలంకరణ బాగుంటుందో, ఏ ఆటలు ఆడించాలో చెప్పమని అడిగారు. నన్ను అడగాలని మీకు తోచినందుకే నా మనసు నిండిపోయింది. ఫోనులో చెబితే సగం గాలికి పోతుందని కూర్చుని రాస్తున్నాను.

ఇది అమెరికా వాళ్ల వేడుక. షవర్ అంటే జల్లు కదా, పెళ్లికూతురి మీద కానుకల జల్లు కురిపించడమన్నమాట. కొత్త కాపురానికి కావలసిన గిన్నెలు, దుప్పట్లు, తువ్వాళ్లు స్నేహితురాళ్లు తలా ఒకటి తెచ్చి ఇచ్చేవారు. మనకు అచ్చంగా ఇలాంటిది లేదు గానీ, దీనికి దగ్గరి చుట్టాలు చాలా ఉన్నాయి. రోకలికి పసుపు రాసి తమలపాకులు కట్టి పసుపు దంచుతాం. నువ్వులనూనె అంటి, సెనగపిండితో నలుగు పెట్టి మంగళస్నానం చేయిస్తాం. పెళ్లికూతురిని చేసి, గాజులు తొడిగి, పాటలు పాడతాం.

వాటికీ మీ వేడుకకూ ఒక పెద్ద తేడా ఉంది. అది చెప్పడానికే ముఖ్యంగా ఈ ఉత్తరం.

నన్ను పెళ్లికూతురిని చేసిన రోజు మా మేనత్త నాకు పూలజడ కుట్టింది. వైశాఖమాసం, ఎండ మండిపోతోంది. తడిగుడ్డలో చుట్టిన మల్లెమొగ్గలు ముందు పెట్టుకుని, మధ్యాహ్నం భోజనాలయ్యాక పెరటి వసారాలో కూర్చుంది. జడ వెడల్పుకు కత్తిరించిన అట్టమీద ఒక్కో మొగ్గనూ కాడ దగ్గర సూదితో గుచ్చి, వరస తప్పకుండా కుట్టుకుంటూ పోయింది. నాలుగు మల్లె వరసలకు ఒక కనకాంబరం వరస, అంచున మరువం. కాడ విరిగిన మొగ్గను పక్కన పడేసి మరొకటి తీసుకునేది. దీపాలు పెట్టే వేళకు జడ పూర్తయింది. నా జడకు దాన్ని బిగించి కట్టి, చివర జడకుప్పెలు వేలాడదీసి, నా తల నిమిరి, పెరటి గుమ్మంలోనే ఆగిపోయింది. అప్పటికి ఆమె భర్త పోయి రెండేళ్లు. హాలులో ముత్తైదువలు నాకు హారతి పడుతుంటే మొగ్గలు ఒక్కొక్కటే విచ్చుకుని ఇల్లంతా వాసన నిండింది. ఆ వాసన తెచ్చిన మనిషి మాత్రం లోపలికి రాలేదు. రమ్మని నేను అడగలేదు. పదిహేడేళ్ల పిల్లనైనా ఆ మాట నా నోటి నుంచి రావలసింది. అది ఈనాటికీ నన్ను బాధిస్తుంది.

మీ వేడుకకు ముహూర్తం లేదు, మంత్రం లేదు, ఎవరు ముట్టుకోవాలి, ఎవరు ముట్టుకోకూడదు అన్న కట్టుబాటు లేదు. కాబట్టి అందరినీ పిలవండి. కిందటేడు భర్తను పోగొట్టుకున్న మీ చిన్నమ్మమ్మను, పెళ్లి వద్దనుకున్న మీ పిన్నిని, విడాకులు తీసుకున్న అక్క స్నేహితురాలిని. పిలిచి మూల కూర్చోబెట్టకండి. అక్క చేతికి మొదటి గాజు చిన్నమ్మమ్మే తొడగాలి. ఈ సంగతి అక్కతో ముందే చెప్పండి, తను తప్పక ఒప్పుకుంటుంది.

ఇక అలంకరణ. గులాబీ రంగు బెలూన్లు కడితే బాగానే ఉంటుంది, కాదనను. కానీ మీరు నన్ను అడిగారు కనుక నా మాట గాజులూ పూలూ. కడియపులంక పూల మార్కెట్ మనకు కూతవేటు దూరం. బంతిపూలు తెల్లవారుజామున బుట్టలతో తెచ్చుకోవచ్చు. గుమ్మానికి మామిడాకు తోరణం, గోడకు బంతి దండలు, వాటి మధ్య కొబ్బరాకుతో అల్లిన చిలకలు. చిలకలు అల్లడం నేను నేర్పిస్తాను, ఒక పూటలో వచ్చేస్తుంది. హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లు చార్మినార్ పక్కనున్న లాడ్ బజార్‌లో లక్క గాజులు తీసుకురండి. గాజుల కొలతలు రకరకాలుగా తెండి, వచ్చేవాళ్ల చేతులన్నీ ఒకలా ఉండవు. గాజులను ఇత్తడి పళ్లెంలో రాశిగా పోసి పెడితే వేరే అలంకారం అక్కరలేదు.

ఆటల్లో ఒక్కటే షరతు, అక్క సిగ్గుతో కుంగిపోయే ప్రశ్న ఏదీ వేయకూడదు. టాయిలెట్ పేపరు చుట్టి పెళ్లికూతురి వేషం వేసే ఆట అక్కడ అందరికీ తెలిసినదే. దాని బదులు మా పాత చీరలు తీసుకోండి. ఇద్దరిద్దరు జట్టుగా, ఒకరు నిలబడితే ఇంకొకరు అయిదు నిమిషాల్లో చీర కట్టాలి. కుచ్చిళ్లు ఎవరివి సమంగా వస్తే వాళ్లది గెలుపు. మేం న్యాయనిర్ణేతలం. ఇంకోటి, కళ్లకు గంతలు కట్టి పోపుల పెట్టెలోని దినుసులను వాసనతో గుర్తుపట్టించడం. ఆవాలు పచ్చిగా వాసన రావు, అక్కడే అందరూ ఓడిపోతారు. ఓపిక ఉన్నవాళ్లకు ఒక మూల వామనగుంటల పీట వేయండి. పద్నాలుగు గుంటలు, చింతగింజలు. చిన్నమ్మమ్మను గెలిచినవాళ్లు మన ఇంట్లో ఇంతవరకు లేరు.

గోరింటాకు సంగతి జాగ్రత్తగా వినండి. పెరట్లో చెట్టు ఉంది, ఆకు నేను రుబ్బుతాను. రాత్రి పెట్టుకుని పొద్దున తీసేస్తే మొదట నారింజ రంగుగానే కనిపిస్తుంది. గాలి తగిలి ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది, సబ్బుతో తోమి పాడుచేయవద్దు. నల్లగా, అరగంటలో పండుతుందని అమ్మే కోను మాత్రం ఇంట్లోకి తేవద్దు. అలాంటి వాటిలో తలకు వేసే రంగులోని రసాయనం కలుపుతారు. దానివల్ల కొందరికి చర్మం బొబ్బలెక్కి మచ్చలు పడతాయి. పెళ్లికి వారం ముందు అక్క చేతులతో ఆ ప్రయోగం వద్దు.

వచ్చినవాళ్లకు ఇచ్చి పంపడానికి ఏటికొప్పాక కుంకుమ భరిణెలు మంచివి. అంకుడు కర్ర మీద లక్క రంగులతో చేస్తారు, చేతిలో పట్టుకుంటే నున్నగా జారిపోతాయి. కుంకుమ పెట్టుకోని వాళ్లు చెవికమ్మలు దాచుకుంటారు, కనుక భరిణెలు ఖాళీగానే ఇవ్వండి.

పూలజడ నేను కుడతాను. సూదిలో దారం ఎక్కించడానికి మీలో ఒకరు నా పక్కన కూర్చోవాలి, కళ్లు సరిగా ఆనడం లేదు. మొగ్గలు ఆ రోజు పొద్దున్నే తెప్పించి తడిగుడ్డలో చుట్టి ఉంచండి, విచ్చుకున్నవి పనికిరావు. చిన్నమ్మమ్మకు కూడా ఒక సూది తీసి పెట్టాను. మేమిద్దరం హాలులోనే కూర్చుని కుడతాం.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ