మన కర్నూలు రాజధానిగా ఉన్న మూడేళ్లు

కర్నూలు, బి క్యాంప్.

చిరంజీవులైన మనవళ్లకు, మనవరాళ్లకు,

మీ తాత ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. మీ జేజికి మోకాళ్ల నొప్పులు తగ్గలేదు, గొంతు మాత్రం తగ్గలేదు కాబట్టి దిగులు లేదు.

మొన్న ఫోన్‌లో మీలో చిన్నది నన్నొక బిట్ అడిగింది. "ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని ఏది తాతా?" అని. నేను నోరు తెరిచేలోపు తనే "కర్నూలు" అనేసి, "ఆ ఊర్లో ఏముందని పెట్టినారు?" అంది. మొదటిది ఒక మార్కు ప్రశ్న, ఒక్క మాటతో అయిపోతుంది. రెండోదానికి ఫోన్‌లో చెప్పేంత జవాబు లేదు. అందుకే ఈ ఉత్తరం.

ఏముందని అంటే, 1953లో ఇక్కడ రాజధానికి కావలసింది ఏదీ లేదు. లక్ష జనం కూడా లేని జిల్లా కేంద్రం. సెక్రటేరియట్ పెట్టే భవనం లేదు, వచ్చే ఉద్యోగులకు ఇళ్లు లేవు, మంచి హోటలు లేదు. ఊరిని చూసి ఎంచుకోలేదమ్మా. అంతకు పదహారేళ్ల ముందు ఇచ్చిన మాట ఒకటి ఉండింది, దానికోసం ఎంచుకున్నారు.

ఆ మాట మద్రాసులో పుట్టింది. ఆంధ్రపత్రిక పెట్టిన, అమృతాంజనం తయారుచేసిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ఇంటి పేరు శ్రీబాగ్. 1937 నవంబరు 16న కోస్తా పెద్దలూ సీమ పెద్దలూ ఆ ఇంట్లో కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నారు. కోస్తా వైపు కొండా వెంకటప్పయ్య లాంటివాళ్లు, మన వైపు కల్లూరి సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు లాంటివాళ్లు. తెలుగువాళ్లకు వేరే రాష్ట్రం కావాలని 1913లో బాపట్ల సభ నుంచీ అడుగుతున్నారు. కానీ సీమవాళ్లకు లోపల ఒక భయం ఉండేది. కోస్తాకు గోదావరి, కృష్ణ ఆనకట్టలున్నాయి, పంటలున్నాయి, కాలేజీలున్నాయి. మనకేమో కరువు. మద్రాసు పెత్తనం పోయి బెజవాడ పెత్తనం వస్తే మనకేం ఒరుగుతుంది అని. ఆ భయం తీరడానికే ఆ కాగితం.

అందులో ఏముందో విను. విశ్వవిద్యాలయం వాల్తేరులో ఉంది కాబట్టి అనంతపురంలో ఇంకో కేంద్రం పెట్టాలి. తుంగభద్ర, కృష్ణా, పెన్నా నీళ్ల విషయంలో పదేళ్లపాటు సీమకూ నెల్లూరుకూ ముందు చూడాలి. రాజధాని ఒక ప్రాంతంలో, హైకోర్టు ఇంకో ప్రాంతంలో ఉండాలి. ఆ రెండింట్లో ఏది కావాలో కోరుకునే హక్కు సీమది. పరీక్షల్లో ఎప్పుడూ ఆ చివరి మాటే అడుగుతారు. నన్నడిగితే ఆ కాగితంలో అన్నిటికంటే బరువైనది నీళ్ల మాట. రాజధాని లేకుండా ఎన్ని ఊళ్లు బతకడం లేదు?

ఇక పొట్టి శ్రీరాములు గారి సంగతి మీ పుస్తకాల్లో వివరంగానే ఉంటుంది. 1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి గారింట్లో నిరాహార దీక్షకు కూర్చున్నారు. 58 రోజులు చేసి, డిసెంబరు 15న ప్రాణం వదిలారు. నాలుగు రోజులకే నెహ్రూ గారు ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. కానీ శ్రీరాములు గారు కోరిన మద్రాసు మాత్రం రాలేదు. మన పుస్తకాలు అంతగా చెప్పనిది ఇంకొకటుంది. బళ్లారి కూడా రాలేదు. ఆ జిల్లాలోంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మనకు వచ్చాయి, బళ్లారి ఊరు మైసూరు వైపు పోయింది. 1800లో నిజాం కంపెనీవాళ్లకు అప్పగించిన దత్త మండలాల్లో బళ్లారి పెద్ద ఊరు. మా నాయన చివరిదాకా బళ్లారి మాట వస్తే ఒక నిట్టూర్పు విడిచేవాడు. మద్రాసు పోయిందని మాత్రం ఆయన ఎన్నడూ బాధపడలేదు.

మద్రాసు కాదని తేలాక మరి ఎక్కడ? విజయవాడ అన్నారు, గుంటూరు అన్నారు, తిరుపతి అన్నారు. ఎవరి వాదన వారిది. విజయవాడకు రైళ్లున్నాయి, నీళ్లున్నాయి, ఆ మాట నిజమే. అయినా సీమ నాయకులు శ్రీబాగ్ కాగితం ముందు పెట్టి రాజధానే కోరుకున్నారు. అట్లా కర్నూలు వచ్చింది. హైకోర్టు గుంటూరుకు పోయింది, అది 1954 జులైలో మొదలైంది. కోకా సుబ్బారావు గారు మొదటి ప్రధాన న్యాయమూర్తి.

1953 అక్టోబరు 1న నెహ్రూ గారు ఇక్కడికి వచ్చి 11 జిల్లాల ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రారంభించారు. చందూలాల్ త్రివేది గవర్నరు. టంగుటూరి ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రి, అప్పటికి ఆయనకు 81 ఏళ్లు. ఉప ముఖ్యమంత్రి మన అనంతపురం జిల్లా ఇల్లూరు మనిషి నీలం సంజీవరెడ్డి, తర్వాత రాష్ట్రపతి అయింది ఆయనే.

ఆ రోజుల్లో ఈ ఊరు ఎట్లా ఉండిందో చెప్తే మీకు నవ్వొస్తుంది. మద్రాసు సెక్రటేరియట్‌లో పనిచేసే తెలుగు ఉద్యోగులు పెట్టె బేడా సర్దుకుని, పిల్లల్ని చంకనేసుకుని రైళ్లలో దిగారు. డోన్‌లో దిగి కర్నూలు బండి పట్టుకునేటప్పటికే సగం మంది మొహాలు మాడిపోయేవంట. ఇక్కడికొస్తే గుడారాలు! కొన్ని ఆఫీసులకూ గుడారాలే, కాపురాలకూ గుడారాలే. కాగితాలు ఎగిరిపోకుండా ఫైళ్ల మీద నాపరాయి ముక్కలు పెట్టుకుని రాసుకునేవాళ్లని మా నాయన చెప్పేవాడు. బేతంచెర్ల బండలకు మన జిల్లాలో ఎప్పుడూ కొదవ లేదు కదా, వాటికి అదొక ఉద్యోగం దొరికింది. మద్రాసు పత్రికలు ఈ గుడారాల రాజధానిని బాగానే ఎగతాళి చేశాయంట. చేయనీ. సర్కారు నడిచింది, జీతాలు పడ్డాయి, అసెంబ్లీ కూర్చుంది.

తర్వాత మెల్లగా ఉద్యోగుల కోసం క్వార్టర్లు కట్టారు. ఎ క్యాంప్, బి క్యాంప్, సి క్యాంప్ అప్పటివే. మీరు సెలవులకొచ్చి క్రికెట్ ఆడే ఈ వీధులు ఆ రాజధాని మిగిల్చినవి. ఆటోవాడితో "సి క్యాంప్ రైతు బజార్" అంటామే గానీ ఎవరి క్యాంపు, ఎందుకు క్యాంపు అని ఎవరూ అడగరు.

ఇళ్లు చాలక అద్దెలు ఒక్కసారిగా పెరిగాయి. మా ఇంట్లో వెనక గదులు రెండూ మద్రాసు నుంచి వచ్చిన ఒక గుమాస్తా గారికి ఇచ్చారు. వాళ్ల సొంతూరు గోదావరి వైపు. మట్టి మిద్దె కింద పడుకోవడం ఆ గుమాస్తా గారి భార్యకు కొత్త. వేసవిలో చల్లగా ఉంటుందని మా అమ్మ చెప్తే, పైనుంచి మన్ను రాలుతుందని ఆమె భయం. జొన్న రొట్టె ఎట్లా చేస్తారో చూపించమని రోజూ వంటింట్లోకి వచ్చేదంట. మా అమ్మ వేడినీళ్లు పోసి పిండి కలిపి, ముద్ద చేసి, పళ్లెం మీద అరచేత్తో కొట్టుకుంటూ తిప్పుతుంటే రొట్టె గుండ్రంగా సాగేది. ఆమె కొడితే మాత్రం అంచులు పగిలి మ్యాపులో దేశాల మాదిరి వచ్చేది. బదులుగా ఆమె మా అమ్మకు పెసరట్టు నేర్పింది. మన ఇంట్లో ఆదివారం పెసరట్టు ఆ కుటుంబం వల్ల వచ్చిందే. వాళ్లు పోయాక ఉత్తరాలు కొన్నాళ్లు వచ్చాయి, ఆ తర్వాత ఆగిపోయాయి.

ప్రకాశం గారి ప్రభుత్వం ఎక్కువ కాలం లేదు. మద్యనిషేధం గొడవలో 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. కొన్ని నెలలు రాష్ట్రపతి పాలన, 1955లో ఎన్నికలు, బెజవాడ గోపాలరెడ్డి గారు ముఖ్యమంత్రి. అంతలోనే హైదరాబాదు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలతో కలిసే మాట బలపడింది. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, రాజధాని హైదరాబాదు. అక్కడ అసెంబ్లీ ఉంది, సెక్రటేరియట్ ఉంది, హైకోర్టు ఉంది, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉంది. గుడారాల ఊరు దాంతో ఎట్లా పోటీపడుతుంది? గుంటూరు హైకోర్టు కూడా హైదరాబాదే పోయింది. శ్రీబాగ్‌లో ఇటొకటి అటొకటి అని పంచుకున్నవి రెండూ ఒకే ఊరికి చేరాయి. మరుసటి ఏడు, 1957లో, కర్నూలుకు మెడికల్ కాలేజీ వచ్చింది. రాజధాని పోయినందుకు ఇచ్చారనే ఊళ్లో అందరూ అనుకుంటారు. నాకు దాని మీద కోపం లేదు. పత్తికొండ నుంచి, ఆదోని నుంచి, నది అవతల గద్వాల నుంచి కూడా రోగులు ఈరోజుకీ ఆ పెద్దాసుపత్రికే వస్తారు. సెక్రటేరియట్ ఉంటే వాళ్లకు అంత మేలు జరిగేదా అంటే నాకు అనుమానమే.

చిన్నదానికి ఇంకో సంగతి. మన సీమకు రాజధానులు 1953లోనే కొత్తగా రాలేదు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత హంపీ పాడైపోతే విజయనగర రాజులు పెనుకొండకు వచ్చి అక్కడి నుంచి ఏలారు. ఇంకా వెనక్కి పోతే, పత్తికొండ దగ్గర ఎర్రగుడి గుట్ట మీద అశోకుడి శాసనాలు బండల మీద చెక్కి ఉన్నాయి. మౌర్యుల దక్షిణ రాజధాని సువర్ణగిరి అక్కడికి దగ్గరి జొన్నగిరే అని కొందరు చరిత్రకారులంటారు. తొలకరి పడగానే జనం వజ్రాల కోసం చేలల్లో వంగి వంగి వెతికే జొన్నగిరి అదే. నాలుగు చినుకులు పడితే చాలు, సంచీ భుజాన వేసుకుని ఎక్కడెక్కడి నుంచో దిగుతారు.

కర్నూలు ఊరికి కూడా ఒక దర్బారు ఉండేది, నవాబులది. 1839లో ఆయుధాలు పోగుచేస్తున్నాడని చివరి నవాబు గులాం రసూల్ ఖాన్‌ని ఇంగ్లీషువాళ్లు పట్టుకుని తిరుచిరాపల్లికి పంపించారు. అక్కడే ఆయన హత్యకు గురయ్యాడు. అంతకు ముందు బీజాపూరు సుల్తానుల తరఫున ఏలిన అబ్దుల్ వహాబ్ సమాధి హంద్రీ ఒడ్డున ఉంది. దాని గుమ్మటాలు మీరు బస్సులోంచి చూసే ఉంటారు. కొండారెడ్డి బురుజు అచ్యుతరాయల కాలం నాటి కోటలో మిగిలిన ముక్క. దాని కిందనుంచి తుంగభద్ర అడుగున అవతలి ఒడ్డుకు సొరంగం ఉందని చిన్నప్పుడు మేమంతా నమ్మేవాళ్లం. ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు.

ఊరి పటం వేయమంటే ఇట్లా వేయండి. పైన అడ్డంగా తుంగభద్ర. పడమటి కనుమల్లో పుట్టి, హోస్పేట ఆనకట్ట దాటి, మంత్రాలయం మీదుగా వస్తుంది. కింద నుంచి హంద్రీ వచ్చి ఊరి దగ్గరే దాంట్లో కలుస్తుంది. ఈ రెండింటి మూలలో పాత ఊరు. వీటికి తోడు సుంకేసుల నుంచి కడప దాకా పోయే కె.సి. కాలువ, అంటే కర్నూలు-కడప కాలువ, ఊరి నడుమ నుంచి పోతుంది. హంద్రీ అడ్డొచ్చిన చోట ఆ కాలువను ఏటి మీద వంతెన కట్టి దాటించారు, కింద ఏరు, పైన కాలువ. వేసవిలో కింద చుక్క లేకపోయినా పైన నీళ్లుంటే పిల్లలు ఎగబడతారు. మీరు మాత్రం దిగొద్దు.

ఇన్ని నీళ్ల మధ్య ఉన్నా మే నెలలో కుళాయి రోజు మార్చి రోజు వచ్చేది. 2009 అక్టోబరులో మాత్రం నది, ఏరు రెండూ ఒకేసారి ఊరి మీద పడ్డాయి. పాత ఊరు మునిగింది. సామాన్లు, పుస్తకాలు, సర్టిఫికెట్లు అన్నీ బురదలో పోయినవాళ్లు ఎందరో. రాజధాని ఎక్కడ పెట్టాలని ఎవరైనా పటం ముందేసుకుని కూర్చుంటే ముందు నది ఎంత పైకి లేస్తుందో చూడమని చెప్తాను నేను.

2020లో మూడు రాజధానుల చట్టం చేసి కర్నూలును న్యాయ రాజధాని అన్నారు, 2021 నవంబరులో ఆ చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు. దాని గురించి మీ నాన్నకూ మీ మామకూ ఎప్పుడు మాట వచ్చినా అన్నం చల్లారిపోతుంది, కాబట్టి నేనిక్కడ రాయను.

దసరాకి వచ్చినప్పుడు పొద్దున్నే, ఎండ ముదరకముందే బురుజు ఎక్కుదాం. తర్వాత కె.సి. కాలువ వంతెన, అక్కడి నుంచి పాత ఊళ్లో ఉగ్గాని బజ్జీ. టికెట్లు ముందే బుక్ చేసుకోమని మీ అమ్మకు చెప్పండి, దసరా ముందు హైదరాబాదు బస్సుల్లో సీటు దొరకదు.

ఇట్లు,
మీ తాత